సోమవారాల బరువు

సాంబయ్యను చంపిన కొక్కెం నా బస్తాలు దించడానికి తెచ్చినదే.

ఉదయం పదిన్నర అయింది. మిర్చి యార్డులో నా కొట్టు ముందు లారీ ఆగి ఉంది. మిర్చి ఘాటుకు అందరూ తుమ్ముతూనే ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. ముఠా కూలీలు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, భుజాల మీద తెచ్చి కాటా దగ్గర దించుతున్నారు. తూకం వేసే సాంబయ్య, కోటయ్య దించిన టిక్కీని పళ్లెం మీద ఇంకో జానెడు లోపలికి జరపమన్నాడు. రోజుకు రెండు వందల సార్లు అనే మాటే అది. కోటయ్య జరపలేదు. చేతిలో ఉన్న కొక్కేన్ని సాంబయ్య మెడ కింద దింపాడు. లాగి మళ్లీ దింపాడు. నాలుగోసారి అది ఎముకలో ఇరుక్కుని ఊడి రాలేదు. అప్పుడు పిడికిళ్లతో మొదలుపెట్టాడు.

నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను. కోటయ్య ఇరవై రెండేళ్లుగా నా సరుకు మోస్తున్నవాడు. కుక్క అడ్డం వస్తే నెత్తి మీద బరువుతోనే ఆగి, అది లేచి పోయేదాకా నిలబడే మనిషి. ఆ రోజు అతని ముఖంలో కోపం లేదు. ఉంటే నాకు తెలిసేది. ధర నచ్చని రైతుల ముఖాలు నలభై ఏళ్లుగా చూస్తున్నవాణ్ని. పంటి పోటు ఓర్చుకుంటూ పని చేసుకునేవాడి ముఖంలా ఉంది.

తర్వాత యార్డు యార్డంతా అతని మీద పడింది. కాటా గొలుసులు, లారీ తలుపు కడ్డీలు, ఏది దొరికితే అది. పక్కటెముకలు విరుగుతుంటే నాకు వినిపించింది. పోలీసులు వచ్చి ఈడ్చుకుపోతున్నప్పుడు అతని ఒక కన్ను మూసుకుపోయి ఉంది. రెండో కంటితో నన్ను చూశాడు.

"అయ్యా, సోమారం కాకపోయినా నొప్పిగా ఉందయ్యా," అన్నాడు.

ఆ మాటకు అర్థం ఆ పూట నాకు తెలియలేదు. తెలిశాక చేసినవన్నీ చెబుతాను. ముందు ఈ వ్యవహారంలో నా వాటా ఎంతో చెప్పాలి.

నా పేరు పోలిశెట్టి నరహరి. మిర్చి వ్యాపారిని. నా కూతురు హైమ మెదడు శాస్త్రం చదివింది. ఊరి చివర మూతబడ్డ నా శీతల గిడ్డంగిని ప్రయోగశాలగా మార్చుకుంది. ఆమె యంత్రానికి చల్లదనం కావాలట. ఎనిమిదేళ్ల కిందట మా అమ్మకు ఎముకల్లో క్యాన్సర్ ముదిరింది. ఆవిడ కేకలకు వీధిలో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి పోయారు. ఒక మధ్యాహ్నం హైమ రెండు టోపీలు తెచ్చి, ఒకటి నాయనమ్మకు పెట్టి, రెండోది తను పెట్టుకుని మీట నొక్కింది. మా అమ్మ కేక సగంలో ఆగింది. "ఆకలేస్తోందే," అంది. పక్క మంచం మీద నా కూతురు దిండును పళ్లతో చింపుతోంది.

నొప్పికి నకలు తీయలేమని, మార్చడం మాత్రమే కుదురుతుందని హైమ తర్వాత చెప్పింది. ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి పోసినట్టు. ఇచ్చినవాడి మెదడులో అది ఆగిపోతుంది, పుచ్చుకున్నవాడి మెదడులో మొదలవుతుంది. పుచ్చుకున్నవాడి ఒంటి మీద దెబ్బ లేదు కాబట్టి ఆరు గంటల్లో మెదడే దాన్ని వదిలేస్తుందని ఆమె లెక్క. తన మీదే పదకొండుసార్లు పరీక్షించుకుంది. పదకొండుసార్లూ వదిలేసింది.

మా అమ్మ నొప్పి తెలియకుండానే కన్నుమూసింది. పన్నెండో రోజు ముగిశాక నేను చేసిన మొదటి పని నాకు తెలిసిన పెద్ద వ్యాపారి ఆకురాతి విశ్వనాథాన్ని ప్రయోగశాలకు తీసుకురావడం. ఒకడికి అక్కర్లేని సరుకు, ఇంకొకడు కూలికి మోయగల సరుకు, మధ్యలో రవాణా. ఇంతకన్నా మంచి వ్యాపారం నా జన్మలో చూడలేదు. దాన్ని పెద్దగా నడిపే దమ్ము నాకు లేదు. విశ్వనాథానికి ఉంది.

ఆరేళ్లలో అతను ముప్పై ఎనిమిది ఉపశమన శాలలు పెట్టాడు. కాలినవాళ్లు, కాన్పు కష్టమైనవాళ్లు, రైలు కింద కాళ్లు పోయినవాళ్లు ఒక వైపు. ఆ నొప్పిని కూలికి మోసే మోతగాళ్లు ఒక వైపు. తొమ్మిది వేల మంది మోతగాళ్లకు అతను ఇల్లు, జీతం, పిల్లల చదువు ఇచ్చాడు. మూడు లక్షల మంది రోగులకు నొప్పి దించాడు. డబ్బు లేనివాళ్ల దగ్గర తీసుకోలేదు. ఇది అబద్ధం కాదు. నేను ఎవర్ని తక్కువ చేసినా సరుకును తక్కువ చేసి చెప్పను.

మా వర్తక సమాఖ్య పాతికేళ్లకు ఒకసారి ఒక వ్యాపారికి యుగశ్రేష్ఠి అని బిరుదు ఇస్తుంది. ఈసారి తేల్చవలసిన వాళ్లం ముగ్గురం: పత్తి ఎగుమతిదారు పబ్బిశెట్టి రాధాకృష్ణ, మిర్చి నూనె మిల్లు నడిపే కందుల శేషారత్నం, నేను. బిరుదుకు పేరు వినిపిస్తున్న విశ్వనాథం ఇంకో రెండు వందల శాలలకు అనుమతి అడిగి ఉన్నాడు. ఇవ్వాలా వద్దా అని ప్రభుత్వం తేల్చుకోలేక, సమాఖ్య తీర్పు ఎటుంటే అటే అని ఊరుకుంది. కాబట్టి మా చేతిలో ఉన్నది ఒట్టి శాలువా కాదు.

నాలుగు వారాలు వాదించుకున్నాం. ఎన్ని పొయ్యిలు వెలిగించాడన్నదే కొలత అని రాధాకృష్ణ అన్నాడు. అలాగైతే అగ్గిపెట్టెలు అమ్మేవాడికి ఇవ్వమంది శేషారత్నం. ఆవిడ మనసంతా చనిపోయిన ఒక జిన్నింగు మిల్లు యజమాని మీద ఉంది. పురుగు పడ్డ ఏడాది రైతుల పత్తి అంతా కొని తన ఖర్చుతో తగలబెట్టించి, పక్క జిల్లాలకు పురుగు పాకకుండా ఆపి, తను దివాలా తీసిన మనిషి ఆయన. దివాలా తీసినవాణ్ని గొప్ప వ్యాపారి అంటే మన పిల్లలు ఏం నేర్చుకుంటారని రాధాకృష్ణ అడిగాడు. "మీ పిల్లలు ఎటూ ఏమీ నేర్చుకోరులే బావా," అంది శేషారత్నం. వ్యాపారంలో నష్టం మాయం కాదని, ఎక్కడికో ఒకచోటికి జరుగుతుందని, అది ఎవరి నెత్తిన పడిందో చూడకుండా గొప్పతనం తూచలేమని ఆవిడ మాట. ఒకటికి ఒకటి. మూడో ఓటు నాది.

మేం ముగ్గురం శాల చూడటానికి వెళ్లాం. నాకు టోపీ పెట్టి రెండు నిమిషాలు మచ్చు చూపించారు. ఎవరిదో జ్ఞానదంతం నొప్పి. భరించదగ్గదే. ఆ తర్వాత విశ్వనాథం వచ్చాడు. ప్రతి సోమవారం నాలుగు గంటలకు అతను తనే ఒక రోగి నొప్పి తీసుకుంటాడు. శాలలో ఉన్న అందరిలోకీ కష్టమైన రోగిని ఎంచుకుంటాడు. రెండేళ్లుగా ఒక్క వారం మానలేదు. ఆ రోజు గ్యాస్ పేలి వీపు మొత్తం ఊడిపోయిన ఒక ఆడమనిషి. ఆమె అరుపు ఆగింది. విశ్వనాథం ముఖం సున్నంలా అయింది. చొక్కా మొత్తం తడిసింది. గోళ్ల కింద నెత్తురు చిమ్మింది. అలాగే గంటసేపు కూర్చుని మా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాడు, ఒక్క మాట తొట్రుపడకుండా. తర్వాత నమస్కారం పెట్టి లోపలి గదిలోకి వెళ్లాడు.

నేను విశ్వనాథం వెనక వెళ్లి, ఆ గది గుమ్మం దగ్గర ఆపి, మా యార్డు పద్ధతిలో తువ్వాలు కింద అతని చెయ్యి పట్టుకుని, వేళ్లు నొక్కి మాట ఇచ్చాను. మా దగ్గర కాగితాలు లేవు. మచ్చు చూసి తువ్వాలు కింద చెయ్యి కలిపితే బేరం ముగిసింది. ఆ తర్వాత బస్తా అడుగున తాలు కాయలున్నా, రాళ్లున్నా కొన్నవాడి ఖర్మ. వెనక్కి తగ్గినవాడి చెయ్యి మళ్లీ ఎవరూ పట్టుకోరు. నలభై ఏళ్లలో నేను తగ్గలేదు.

అది జరిగిన తొమ్మిదో రోజు కోటయ్య సాంబయ్యను చంపాడు.

హైమ ఆ మధ్యాహ్నమే నా కొట్టుకు వచ్చింది. సాంబయ్య నెత్తురు మీద ఎవరో మిరప తుక్కు పోసి ఉన్నారు. దాన్ని దాటుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. రెండేళ్లలో జిల్లాలో జరిగిన హత్యల పట్టిక ఆమె చేతిలో ఉంది. కారణం దొరకని హత్యలు నలభై ఒకటి. భార్యను రోకలితో కొట్టినవాడు, సొంత పశువుల కాళ్లు నరికి తర్వాత అన్నను నరికినవాడు, బస్సులో పక్క సీటు మనిషిని కిటికీకేసి కొట్టి చంపిన ఆడమనిషి. నలభై ఒక్కరిలో ముప్పై ఏడుగురు మోతగాళ్లు.

"నేను పదకొండుసార్లు పరీక్షించుకున్నాను నాన్నా. పదకొండుసార్లూ ఒకటే తప్పు చేశాను," అంది.

మా అమ్మది కూడా కలిపి ఆమె తీసుకున్నవన్నీ మందులతో ముందే సగం తగ్గి ఉన్న నొప్పులు. అవి ఆరు గంటల్లో పోయాయి. ముదురు నొప్పి పోదు. అడుక్కి దిగుతుంది. పైకి ఏమీ తెలియదు. మోసినవాడు ఇంటికి పోయి అన్నం తింటాడు, నిద్రపోతాడు. దాని మీద ఇంకోటి పడుతుంది. ఒక రోజు నిండుతుంది.

మచ్చు చూశానని, మాట ఇచ్చానని చెప్పాను. విశ్వనాథం కూడా రెండేళ్లుగా మోస్తున్నాడు కదా, అతను ఎవర్ని చంపాడు అని అడిగాను. హైమ అదే తెలుసుకోవాలంది. కోటయ్య కూడా మోతగాడేనని, శాలకు సోమవారం సాయంత్రాలు మాత్రమే ఎందుకు పోయేవాడో, అయిదింటికి లోపలి గదిలో అతనికేం పనో తెలియాలంది.

"నువ్వు బస్తా మూతి దగ్గర చెయ్యి పెట్టి చూసొచ్చావు. ఇంతకాలం యార్డులో ఇదేనా నేర్చుకుంది?"

నా కూతురు నన్ను అంత మాట ఎప్పుడూ అనలేదు. మాటకు బాధ లేదు. అది నిజం కావడమే దెబ్బ. రైతు మూతి దగ్గర మంచి కాయలు పేర్చి తెస్తాడని తెలిసి, మోచెయ్యి దాకా లోపలికి పోనిచ్చి అడుగు కాయ తీసి చూసే వ్యాపారిని నేను. మనిషి గొప్పవాడని ముందే అనుకుని చూసేసరికి ఆ చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

కోటయ్యను పెద్దాసుపత్రిలో సంకెళ్లేసి పడుకోబెట్టారు. అతని కేకలకు విసిగిన ఇన్‌స్పెక్టరు, హైమ యంత్రం తెస్తానంటే అడ్డు చెప్పలేదు. ఆమె టోపీ పెట్టి గంటసేపు తెర మీద గీతలు చూసింది. ఒక మెదడు గుండా వెళ్లిన నొప్పి మీద ఆ మెదడు గుర్తు పడుతుందట. బస్తా చేతులు మారినప్పుడల్లా మూతి కుట్టిన దారం మారినట్టు. విశ్వనాథం గుర్తు ఆమె దగ్గర మొదటి నుంచీ ఉంది. తొలి రోజుల్లో ప్రయోగానికి కూర్చున్నవాళ్లలో అతనొకడు. కోటయ్య లోపల అది నూట నాలుగుసార్లు ఉంది. నూట నాలుగు సోమవారాలు. అందరి ముందు నాలుగింటికి ఎత్తుకున్నది, అయిదింటికి తలుపు వేసుకుని కోటయ్యకు దించాడు. మూడింతల కూలి ఇచ్చాడు.

తెర మీద గీతలు నా బోటివాడికి సాక్ష్యం కావు. రాధాకృష్ణకు అసలే కావు. ఎవరైనా తీసుకుని చూడాలి. నేను చూస్తానన్నాను.

హైమ చేతులకు కట్లు వేయాలంది. నేను ఒప్పుకోలేదు. సరుకు చూసేవాడి చేతులు కట్టేయడం ఏ యార్డులోనైనా ఉందా అన్నాను. అరవై మూడేళ్లలో ఒకరి మీద చెయ్యి ఎత్తని మనిషినని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఖరీదు ఇప్పటికీ నేను కట్టుకుంటూనే ఉన్నాను, నా కూతురు కూడా.

"వద్దు సెట్టిగారా. అది టిక్కీ కాదు, పక్కకు దొర్లించి కూసోటానికి," అన్నాడు కోటయ్య పగిలిన పెదాలతో.

మీట నొక్కారు. ముందు వీపు పోయింది. పోయిందంటే, ఉండాల్సిన చోట చర్మం లేదు, గాలి తగులుతోంది. దాని కింద ఇంకొకరి కాలు, చక్రం కింద నలుగుతూనే ఉంది, నలగడం పూర్తి కావడం లేదు. దాని కింద ఒక పసివాడి చెవి. దాని కింద, దాని కింద. ఎంత అరిచానో నాకు తెలియదు. కోటయ్య కేకలు ఆగిపోయాయి. ఆపై ఏడవడం మొదలుపెట్టాడు. అప్పుడు గాని అతనికి సాంబయ్య గుర్తుకు రాలేదు.

గంట గడిచాక అంతా సద్దుమణిగింది. హాయిగా కూడా ఉంది. లేచి కూర్చున్నాను, ఇన్‌స్పెక్టరుతో ఎండల గురించి మాట్లాడాను. లోపల ఎక్కడో నొప్పి ఉంది, కాని దానికి దెబ్బ లేదు. చేతులు ఆ దెబ్బ కోసం వెతుక్కుంటున్నాయి. అది నాకు అప్పుడు తెలియలేదు.

"నీళ్లు తాగుతావా నాన్నా?" అని హైమ గ్లాసు పట్టుకుని వచ్చింది.

పక్కనున్న ఇనప స్టూలు తీసి ఆమె ముఖం మీద కొట్టాను. పడిపోతే మళ్లీ కొట్టాను. చెయ్యి అడ్డం పెట్టింది, మణికట్టు విరిగింది. నాకు కోపం లేదు. మూత బిగుసుకున్న డబ్బా తీస్తున్నప్పుడు ఉండేటంత పట్టుదల ఉంది, అంతే. సంకెళ్లలో ఉన్న కోటయ్య మంచంతో సహా నా మీదికి దొర్లి నా కాళ్లు పట్టుకున్నాడు. కానిస్టేబుళ్లు ఇద్దరు వచ్చి లాగేదాకా నాలుగు దెబ్బలు పడ్డాయి. హైమ ఎడమ కన్ను పోయింది.

మూడో రోజు నన్ను ఆమె మంచం దగ్గరికి తీసుకెళ్లారు. నా చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. దవడకు కట్టుతో మెల్లగా మాట్లాడింది. నాలో ఉన్నదాన్ని ఎవరికైనా మార్చేస్తానంది. శాల గేటు ముందు కూలికి వచ్చేవాళ్లు వరసలో ఉంటారు, అరగంట పని. నా నోరు ఊరింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, పస్తులున్నవాడికి అన్నం వాసన తగిలినట్టు ఉంది. బిరుదు తేల్చే సమాఖ్య సభ అయ్యేదాకా ఉండనీ, తర్వాత చూద్దామన్నాను.

సభ రోజు ఉదయం పురికొసతో నా చేతులు ముందుకు కట్టమని మా ఆవిడ వర్ధనమ్మతో చెప్పాను. గట్టిగా కట్టమన్నాను. నలభై ఏళ్ల కాపురంలో మిమ్మల్ని కట్టేయాలని నాకు ఎన్నిసార్లు అనిపించిందో, ఇన్నాళ్లకు మీకై మీరు అడిగారని అంది. అంటూ ఏడిచింది. ముడి మాత్రం వదులు చేయలేదు.

సమాఖ్య హాల్లో బల్లకు ఒక వైపు మేం ముగ్గురం, ఎదురుగా విశ్వనాథం. హైమ ఒక కంటికి కట్టుతో, చేతికి పట్టీతో యంత్రం పక్కన కూర్చుంది. నా కట్టిన చేతులు చూసి రాధాకృష్ణ కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. నేను జరిగినదంతా వరసగా చెప్పాను. పట్టిక ఇచ్చాను. విశ్వనాథం దేన్నీ కాదనలేదు. అందులోనే అతని గొప్ప ఉంది.

"అవును, అయిదింటికి దించుకునేవాణ్ని," అన్నాడు. "ముదురు నొప్పి అడుక్కి దిగుతుందని ఏడాది కిందట అనుమానం వచ్చింది. నిజమేనేమో. అయినా లెక్క వేయి నరహరీ. మూడు లక్షల మంది ఒక వైపు, ముప్పై ఏడుగురు ఒక వైపు. నేను పడిపోతే తొమ్మిది వేల ఇళ్లు పడిపోతాయి. సేనాపతి ముందు వరసలో నిలబడకూడదు."

"నిజమే. కాని ముందు వరసలో నిలబడినట్టు రెండేళ్లు ఫొటోలు తీయించుకోకూడదు," అన్నాను.

రాధాకృష్ణ నా వైపు వంగి, మాట ఇచ్చావట కదా, తువ్వాలు కింద, అన్నాడు. ఇచ్చానన్నాను. నిలబెట్టుకుంటానని కూడా అన్నాను, ఒక్క షరతు మీద. విశ్వనాథాన్ని చూసి చెప్పాను.

"నా దగ్గర నీ సోమవారాలు నూట నాలుగు ఉన్నాయి. అన్నీ వద్దు. ఒక్కటి తీసుకో. గ్యాస్ పేలిన ఆడమనిషిది, మేం చూస్తుండగా నువ్వు ఎత్తుకున్నది. ఈ బల్ల దగ్గర సాయంత్రం దాకా మాతో కూర్చో. నా ఓటు నీదే."

విశ్వనాథం నా చేతుల వైపు, హైమ కంటి వైపు చూశాడు. అతను పిరికివాడు కాదు. ఆ మాట ఎవరన్నా నేనొప్పుకోను. కళ్లజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. యంత్రం దగ్గరి కుర్చీలో కూర్చుని, టోపీ తనే పెట్టుకుని, పట్టీ బిగించుకున్నాడు. అప్పుడు హైమ వైపు తిరిగి, ప్రతి సోమవారం అడిగే మాటలాగే అడిగాడు.

"దించుకునే మనిషి వచ్చాడా అమ్మా?"

అతను మా ముఖాలు చూశాడు. తను ఏమన్నాడో అప్పుడు అతనికి వినిపించింది.

నా చేతులు లేచాయి. నేను లేపలేదు. పురికొస మణికట్ల లోపలికి దిగింది, నెత్తురు బల్ల మీద కారింది, కుర్చీ వెనక్కి పడిపోయింది. నేను బల్ల మీదుగా అతని గొంతు కోసం పోతున్నాను. శేషారత్నం నా నడుం పట్టుకుని వేలాడింది. ఆ ముడి వదులుగా కట్టి ఉంటే సమాఖ్య ఆ రోజు యుగశ్రేష్ఠిని ఎన్నుకోవడానికి బదులు పాడె కట్టవలసి వచ్చేది. ఇద్దరు ముగ్గురు పట్టుకుని నన్ను గోడకు ఆనించి నిలబెట్టారు. విశ్వనాథం టోపీ తీసి కుర్చీ మీద పెట్టాడు. కళ్లజోడు పెట్టుకోవడం మరిచిపోయి తలుపు కోసం తడుముకుంటూ బయటికి వెళ్లాడు.

నేను గోడ దగ్గర నుంచే ఓటు చెప్పాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నానని, ఆ మచ్చ నాదేనని కూడా రాయమన్నాను. ఈ పాతికేళ్లకు బిరుదు ఎవరికీ లేదని రాసుకున్నారు. రాధాకృష్ణ మాత్రం సంతకం పెడుతూ, ఆ మూడు లక్షల మంది సంగతి ఎవరు చూస్తారని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

రెండు వందల శాలలకు అనుమతి రాలేదు. ఉన్నవాటిలో మందులతో సగం తగ్గిన నొప్పులే మార్చాలని నియమం పెట్టారు. కాలిన మనుషుల వార్డుల్లో మళ్లీ కేకలు వినిపిస్తున్నాయి. నా కొట్టు పక్కన నడిచినా వినిపిస్తాయి నాకు. కోటయ్యకు యావజ్జీవం పడింది. జైల్లో నిద్ర పడుతోందని, దాని గురించే భయంగా ఉందని కబురు చేశాడు. యార్డులో నా తువ్వాలు కింద ఇప్పుడు ఎవరూ చెయ్యి పెట్టరు. రైతులు ముప్పాతిక మంది వేరే కొట్లకు పోయారు. అది వాళ్ల హక్కు.

ఆ రోజు సభ నుంచి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. హైమ తన గదిలోకి పోతూ ఆగి, ఎవర్ని పిలవను అని అడిగింది. ఎవరికీ దించకుండా ఒక్కడే మోస్తే ఎన్నాళ్లకు అరుగుతుందని అడిగాను. ఇంతవరకు ఎవరూ అలా మోయలేదని, తన అంచనా పన్నెండేళ్లని చెప్పింది. డెబ్బై అయిదు వస్తాయి నాకు. ఎవర్నీ పిలవొద్దని చెప్పాను. చెప్పాక కూడా నోరు ఊరింది.

వర్ధనమ్మ కంచం పెట్టింది. గోంగూర, ముద్దపప్పు. నాకు తినిపిస్తుందనుకున్నాను. పీట వేసుకుని నా ఎదురుగా కూర్చుని, పురికొస ముడి విప్పడం మొదలుపెట్టింది.

"వద్దు," అన్నాను. "హైమను చూశావుగా."

"చూశాను. పన్నెండేళ్లు నేను మీకు ముద్దలు పెట్టలేను, నాకూ మోకాళ్లు నొప్పులు," అంది.

నెత్తురుకు ముడి బిగుసుకుపోయింది. ఆమె పళ్లతో పట్టి లాగి విప్పింది. పక్కన నెయ్యి గిన్నె, ఇత్తడిది, బరువైనది. నా కుడి చెయ్యి లేచింది. ఎటు పోతుందో నాకు తెలియలేదు, ఆమెకూ తెలియదు. కొంతసేపు ఆ చెయ్యి మా ఇద్దరి మధ్య గాలిలో ఉండిపోయింది.

ఆమె పీట వెనక్కి జరపలేదు.

"అన్నం చల్లారిపోతోంది," అంది.